స్లింగ్‌లో మోచేతికి ఆసరా ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు వదిలెయ్యాలి?

ఫిజియో_మూడో_ఏడు

కాలర్ బోన్ విరిగితే మూడు మూలల గుడ్డతో మోచెయ్యి కూడా లోపలికి వచ్చేలా పెద్ద స్లింగ్ కట్టమంటారు. దండచేతి ఎముక నడిమిన విరిగితే మాత్రం అది వద్దు, కాలర్ అండ్ కఫ్ (మెడనూ మణికట్టునూ కలిపే పట్టీ) వెయ్యండి అంటారు. రెండింటిలోనూ చెయ్యి వేలాడేది మెడ నుంచే కదా, మరి తేడా ఎక్కడుంది? పుస్తకంలో పట్టిక ఉంది గానీ కారణం లేదు. కారణం తెలియకుండా పట్టిక గుర్తుండటం లేదు.

ఇంకో రెండు సందేహాలు. గుడ్డతో కట్టిన స్లింగ్ మొదట బాగానే ఉంటుంది, అరగంట గడిచేసరికి మణికట్టు కిందికి వాలిపోతుంది. కట్టడంలో ఎక్కడ తప్పు జరుగుతోంది? స్లింగ్ రోజంతా వేసుకున్నవాళ్ళకి కూడా చేతివేళ్ళు ఎందుకు వాస్తాయి?

ప్లాస్టర్_గది

మొదటి సందేహం తీరితే మిగతావి సగం తీరినట్టే.

మనిషి బరువులో ఒక చెయ్యి సుమారు 5 శాతం ఉంటుంది. 60 కిలోల మనిషికి 3 కిలోలు. స్లింగ్ ఏదైనా సరే, ఆ 3 కిలోలను ఎవరు మొయ్యాలో నిర్ణయించడమే దాని పని. కాలర్ బోన్ విరిగినప్పుడు చెయ్యి బరువు భుజాన్ని కిందికి లాగుతుంది, దాంతో బయటివైపు ముక్క కిందికి దిగుతుంది. లోపలివైపు ముక్కను మెడ కండరం పైకి పట్టుకుని ఉంటుంది. రెండు ముక్కల మధ్య ఎడం పెరుగుతుంది, నొప్పీ పెరుగుతుంది. ఇక్కడ బరువు మన శత్రువు. మోచేతి కింద గుడ్డ పెట్టి చేతిని మొత్తం ఎత్తి పట్టుకోవాలి. కాలర్ బోన్ చివర భుజపు అంచుతో కలిసే ఏసీ కీలు ఊడినా ఇదే లెక్క.

దండచేతి ఎముక నడిమిన విరిగినప్పుడు బరువు మన మిత్రుడు. కండరాలు బిగుసుకుని రెండు ముక్కలను ఒకదాని మీదికి ఒకటి లాగుతుంటాయి. మోచెయ్యి ఖాళీగా వేలాడితే ముంజేతి బరువు కింది ముక్కను నెమ్మదిగా కిందికి లాగి వరసలోకి తెస్తుంది. అదే మోచేతి కింద గుడ్డ పెట్టి ఎత్తితే కింది ముక్కను పైకి తోసినట్టవుతుంది, విరిగిన చోట ఎముక వంకర పోతుంది. అందుకే మణికట్టును మాత్రమే పట్టుకునే కాలర్ అండ్ కఫ్.

ఇది అర్థమయ్యాక ఇంకో సంగతి దానంతటదే తేలుతుంది. దండచెయ్యి విరిగిన మనిషి కుర్చీ చేతి మీద మోచెయ్యి ఆనించినా, పడుకుని మోచేతి కింద దిండు పెట్టినా కాలర్ అండ్ కఫ్ చేసే పని ఆగిపోతుంది. మొదటి రెండు వారాలు కూర్చున్నట్టుగా వాలి నిద్రపోవాలని చెప్పేది అందుకే. పట్టీ పొడవు కూడా వాళ్ళంతట వాళ్ళు మార్చుకోకూడదు. పొడవు మారితే ముక్కల కోణం మారుతుంది.

చాలామంది తేలిగ్గా తీసుకునేది కఫ్ బిగింపు. మెత్తని ఫోమ్ పట్టీ అయితే మణికట్టు చుట్టూ రెండు వేళ్ళు సులువుగా దూరాలి. ప్లాస్టిక్ టై బిగించాక మిగిలిన తోకను మొదలంటా కత్తిరించి, కత్తిరించిన అంచు చర్మానికి తగలకుండా బయటికి తిప్పాలి. మెడ వైపు టై ముడి వెన్నుపూస మీదికి రాకూడదు.

ఇప్పుడు మూడు మూలల గుడ్డ. మీటరు చదరం నూలు గుడ్డను మూల నుంచి మూలకు కత్తిరిస్తే రెండు వస్తాయి. పొట్టి అంచులు మీటరు చొప్పున, పొడవు అంచు సుమారు 140 సెంటీమీటర్లు. పెద్దవాళ్ళకి ఇంతకంటే చిన్నది చాలదు. సాగే గుడ్డ వద్దు.

కట్టే వరస ఇది. మనిషిని కూర్చోబెట్టండి. దెబ్బ తగిలిన చేతిని మంచి చేత్తో తనే పట్టుకోమనండి. ముంజేయి అడ్డంగా, చెయ్యి మోచేతి కంటే కాస్త ఎత్తులో ఉండాలి. గుడ్డను ముంజేతికీ ఛాతీకీ మధ్య నుంచి జొనపండి. మొన (పొడవు అంచుకు ఎదురుగా ఉన్న మూల) దెబ్బ తగిలిన మోచేతి వైపు, పొడవు అంచు మంచి వైపు ఒంటికి నిలువుగా ఉండాలి. పై కొసను మంచి భుజం మీదుగా, మెడ వెనక నుంచి తిప్పి దెబ్బ వైపు ముందుకు తీసుకురండి. కింది కొసను ముంజేతి మీదుగా పైకి తీసుకెళ్ళి అక్కడ కలపండి. ముడి కాలర్ బోన్ పైన ఉండే గుంటలో పడాలి. రీఫ్ ముడి వెయ్యండి. కుడి కొస ఎడమ దాని మీదుగా ఒకసారి, ఎడమ కొస కుడి దాని మీదుగా రెండోసారి. రెండుసార్లూ ఒకే వైపు తిప్పితే ముడి జారుతుంది. ముడి కింద మడిచిన గుడ్డ పెట్టండి. చివరగా మొనను మోచేతి ముందుకు మడిచి పిన్నీసు పెట్టండి. పిన్నీసు లేకపోతే మొనను తాడులా పేని లోపలికి దోపండి.

మీ మణికట్టు వాలడానికి కారణాలు సాధారణంగా మూడు. పొడవు అంచు మణికట్టు దగ్గరే ఆగిపోయింది. అది చిటికెన వేలి గోరు మొదలు దాకా రావాలి, గోళ్ళు మాత్రం బయటికి కనిపించాలి. రెండు, మొనకు పిన్నీసు పెట్టలేదు, మోచెయ్యి మెల్లగా వెనక్కి జారింది, దాంతో చెయ్యి లోపలికి లాక్కుపోయింది. మూడోది ఎక్కువసార్లు జరిగేది. కట్టేటప్పుడు మనిషి భుజం బిగించి పైకి ఎత్తి పెట్టుకుంటాడు. నొప్పి తగ్గి భుజం దిగగానే స్లింగ్ మొత్తం వదులవుతుంది. అందుకే కట్టాక పదినిమిషాలకు మళ్ళీ చూసి ముడి సరిచెయ్యాలి.

ప్రథమ_చికిత్స_శిక్షణ

ప్లాస్టర్_గది గారు చెప్పిన దానికి కాలర్ బోన్ విషయంలో ఒక సవరణ. ఆ పద్ధతిలో కింది కొస దెబ్బ వైపు భుజం మీదుగా పోతుంది, ముడి కూడా అటే పడుతుంది. విరిగింది కాలర్ బోన్ అయితే ఆ గుడ్డా ముడీ సరిగ్గా నొప్పి చోటే కూర్చుంటాయి. అక్కడ ఎత్తు స్లింగ్ మేలు, దాంట్లో బరువంతా మంచి భుజం మీద పడుతుంది.

చేతిని ఛాతీ మీద ఏటవాలుగా, వేళ్ళ కొసలు ఎదుటి భుజం వైపు ఉండేలా పెట్టండి. ఈసారి గుడ్డను చేతి మీద కప్పాలి, కింద కాదు. ఒక కొస మంచి భుజం మీద, మొన మోచెయ్యి దాటి కాస్త బయటికి. పొడవు అంచును చేతి కింద, ముంజేతి కింద, మోచేతి కింద లోపలికి మడిచి దోపండి. కింది కొసను వీపు మీదుగా ఏటవాలుగా తీసుకెళ్ళి మంచి వైపు కాలర్ బోన్ పై గుంటలో ముడి వెయ్యండి. మోచేతి దగ్గర మిగిలిన మొనను లోపలికి దోపి పిన్నీసు పెట్టండి. చేతికి గాయమై రక్తం కారుతున్నా, వేళ్ళు నలిగినా ఇదే కట్టు. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి వాపూ రక్తమూ తగ్గుతాయి.

మోచేతికి దెబ్బ తగిలినప్పుడు మాత్రం ఎత్తు స్లింగ్ కట్టొద్దు. దీంట్లో మోచెయ్యి 90 డిగ్రీల కంటే బాగా మడత పడుతుంది. వాచిన మోచేతిని అంతగా మడిస్తే ముందువైపు నుంచి పోయే రక్తనాళం నలుగుతుంది. ముఖ్యంగా పిల్లల్లో, మోచేతికి కాస్త పైన ఎముక విరిగినప్పుడు ఇది ప్రమాదం. అలా విరగడం ఎక్కువగా 5 నుంచి 7 ఏళ్ళ వయసులో, చాచిన చెయ్యి మీద పడినప్పుడు జరుగుతుంది. ఎక్స్‌రే తీసే దాకా మోచేతిని 20 నుంచి 40 డిగ్రీల మడతలో, ఎలా సుఖంగా ఉంటే అలా, అట్ట లేదా స్ప్లింట్ పెట్టి ఉంచాలి. మడత పడని మోచేతిని స్లింగ్‌లో కూర్చోబెట్టడానికి బలవంతంగా వంచడం అన్నిటికంటే పెద్ద తప్పు. వంగకపోతే చేతిని చాపి ఒంటికి ఆనించి, మధ్యలో మెత్త పెట్టి, వెడల్పు పట్టీలతో నడుముకు కట్టండి. పట్టీ విరిగిన చోటి మీదుగా పోకూడదు.

గుడ్డ దొరకని చోట చొక్కా కింది అంచును ముంజేతి మీదుగా పైకి మడిచి ఛాతీ దగ్గర రెండు పిన్నీసులు పెడితే ఆసుపత్రి దాకా సరిపోతుంది. సన్నని తాడు, దుపట్టాను తాడులా పేనినదీ వద్దు, మెడను కోస్తాయి.

ఒక్క పని మాత్రం ఎవరూ మరవొద్దు. కట్టక ముందే ఉంగరాలు, గాజులు, గడియారం తీసెయ్యండి. వాపు వచ్చాక తియ్యడం చాలా కష్టం.

వార్డు_సిస్టర్

స్లింగ్ కట్టే ముందొకసారి, కట్టాక ఒకసారి ఈ పరీక్ష చెయ్యండి, రెండు నిమిషాలు పట్టదు. మణికట్టు దగ్గర నాడి చూడండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. తర్వాత నరాలు. బొటనవేలు పైకి ఎత్తమనండి. ఎత్తలేకపోతే, మణికట్టు వేలాడిపోతే రేడియల్ నరం దెబ్బ తిని ఉండొచ్చు. దండచేతి ఎముక నడిమిన విరిగినవాళ్ళలో సుమారు 12 శాతం మందికి ఇది ఉంటుంది కాబట్టి స్లింగ్ కట్టక ముందే రాసిపెట్టుకోవాలి, లేకపోతే కట్టడం వల్ల వచ్చిందో ముందే ఉందో తేలదు. బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి గుండ్రం చెయ్యమనండి, అది మీడియన్ నరం. వేళ్ళు వెడల్పుగా చాపమనండి, అది అల్నార్. భుజం ఊడినవాళ్ళకి భుజం బయటివైపు చర్మం మీద తాకితే తెలుస్తోందో లేదో చూడండి, అక్కడ యాక్సిలరీ నరం పనిచేస్తుంది.

వేళ్ళు ఎందుకు వాస్తాయని అడిగారు. ఎక్కువమందిలో కారణం స్లింగ్ పట్టీ పొడవుగా ఉండటమే. చెయ్యి మోచేతి కంటే కిందికి దిగితే వాపు వేళ్ళలోకి చేరుతుంది. రెండో కారణం, వేళ్ళు కదల్చకపోవడం. చేతి సిరల్లో రక్తం వెనక్కి పోవాలంటే పిడికిలి బిగించి విప్పాలి. స్లింగ్ వేసుకున్నంత మాత్రాన వాపు తగ్గదు, వేళ్ళు పనిచేస్తేనే తగ్గుతుంది. మెలకువగా ఉన్న ప్రతి గంటకీ పదిసార్లు పూర్తిగా మడిచి పూర్తిగా చాపాలి.

వాపుతో పాటు నొప్పి నిమిష నిమిషానికీ పెరుగుతుంటే, మందు వేసినా తగ్గకపోతే, మనం వేళ్ళను మెల్లగా చాపినప్పుడు ముంజేతిలో తట్టుకోలేనంత నొప్పి వస్తే అది మామూలు వాపు కాదు. కండరాల గదిలో ఒత్తిడి పెరుగుతోంది. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. స్లింగ్ తియ్యండి, కట్టు, ప్లాస్టర్ చర్మం దాకా చీల్చి విప్పించండి, చేతిని గుండె ఎత్తులోనే ఉంచండి, ఇంకా పైకి ఎత్తొద్దు. ఎత్తితే వచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది. నాడి దొరుకుతోంది కదా అని ధైర్యపడకండి, నాడి పోవడం చాలా ఆలస్యంగా కనిపించే గుర్తు. రక్తం అందని కండరం ఆరు నుంచి ఎనిమిది గంటల్లో తిరిగి కోలుకోలేని స్థితికి వెళ్తుంది.

ఇక రోజువారీ సంగతులు. చంకలో చెమట నిలిచి చర్మం నానుతుంది, దుర్వాసన వస్తుంది, పుండు పడుతుంది. డాక్టరు ఒప్పుకుంటే రోజుకోసారి స్లింగ్ తీసి, నడుము దగ్గర ముందుకు వంగి చేతిని దానంతట వేలాడనివ్వండి. చంక తెరుచుకుంటుంది, భుజం కండరంతో పని లేదు. తడిగుడ్డతో తుడిచి, పొడిగా అద్ది, పల్చని నూలు గుడ్డ మడిచి పెట్టండి. చొక్కా తొడిగేటప్పుడు దెబ్బ చెయ్యి ముందు, విప్పేటప్పుడు దెబ్బ చెయ్యి చివర.

కాలర్ బోన్, భుజం దెబ్బలకి రాత్రి 30 నుంచి 45 డిగ్రీలు వాలి పడుకుంటే నొప్పి తక్కువ. వెల్లకిలా పడుకుంటే మోచెయ్యి వెనక్కి జారి భుజం ముందుకు తెరుచుకుంటుంది, అందుకని మోచేతి వెనక మడిచిన తువ్వాలు పెట్టండి. దండచేతి ఎముక నడిమిన విరిగినవాళ్ళకి మాత్రం ప్లాస్టర్_గది గారు చెప్పినట్టు ఏ ఆసరా వద్దు.

ఫిజియో_మూడో_ఏడు

బరువు శత్రువా మిత్రుడా అన్నది మనసులో నాటుకుంది, ఇక పట్టిక అక్కర్లేదు. ఇంకో రెండు అడుగుతాను. సంచీలా కుట్టి అమ్మే స్లింగ్‌కి సైజు ఎలా చూడాలి? ఎన్ని రోజులు ఉంచాలన్నది ఎలా నిర్ణయిస్తారు?

భుజం_మోచెయ్యి_ఫిజియో

సైజు: మోచెయ్యి 90 డిగ్రీలు మడిచి, మోచేతి మొన నుంచి చిటికెన వేలి మొదటి కణుపు దాకా కొలవండి. సంచీ అంత పొడవుండాలి. పొట్టిదైతే అంచు మణికట్టు దగ్గర ఆగి, చెయ్యి అంచు మీది నుంచి కిందికి వంగిపోతుంది. చిటికెన వేలి వైపు తిమ్మిరి మొదలయ్యేది ఇలాగే. పొడవుదైతే వేళ్ళు సంచీలో మునిగిపోయి కదలవు, వాటి రంగూ మనకు కనపడదు. మోచెయ్యి సంచీ వెనక మూలకు పూర్తిగా ఆనాలి. మధ్యలో ఖాళీ ఉంటే చెయ్యి ముందుకు జారుతుంది. పట్టీ వెడల్పు 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, మెడ మీద కాకుండా మంచి భుజం మీద కూర్చునేలా, వీపు మీదుగా అడ్డంగా పోయేది ఎంచుకోండి. మెడనొప్పి వచ్చిందంటూ జనం స్లింగ్ తీసి పారేసేది సన్నని పట్టీ వల్లే. నడుము పట్టీ ఉన్నది చేతిని బయటికి తిరగనివ్వదు. భుజం ఊడి సరిచేసినవాళ్ళకి, ఆపరేషన్ అయినవాళ్ళకి అది కావాలి, అందరికీ అక్కర్లేదు.

రోజుల విషయంలో సూత్రం ఏమిటంటే, ఎముక అతకడానికి పట్టే కాలం వేరు, స్లింగ్ ఉంచే కాలం వేరు. ఈ రెండూ ఒకటేనని అనుకోవడం వల్లే బిగుసుకుపోయిన కీళ్ళు ఇన్ని కనిపిస్తాయి. పెద్దవాళ్ళ కాలర్ బోన్ అతకడానికి 6 నుంచి 12 వారాలు పట్టొచ్చు, స్లింగ్ మాత్రం నొప్పి ఉన్న 2 నుంచి 4 వారాలే. రెండు భుజాలనూ వెనక్కి లాగి కట్టే ఎనిమిది అంకె ఆకారపు కట్టు గురించి కూడా అడుగుతారు. 1987లో వచ్చిన ఒక పోలిక అధ్యయనంలో చివరికి చెయ్యి పనిచేసే తీరులో తేడా లేదని, మామూలు స్లింగ్ వేసుకున్నవాళ్ళకి ఇబ్బంది తక్కువని తేలింది. ఎనిమిది కట్టు బిగిస్తే చంకలో నరాలూ రక్తనాళాలూ నలుగుతాయి. నా ఓటు స్లింగ్‌కే.

అన్నిటికంటే తొందరగా బిగుసుకునేది మోచెయ్యి. రేడియల్ హెడ్ (ముంజేతి బయటివైపు ఎముకకు మోచేతి దగ్గరుండే తల) ముక్కలు కదలకుండా పగిలినప్పుడు స్లింగ్ కొద్ది రోజులే, వారం లోపే మడవడం చాపడం మొదలవ్వాలి. మోచెయ్యి ఊడి సరిచేసి, కీలు నిలకడగా ఉంటే ఒకటి రెండు వారాలు. మూడు వారాలు దాటితే పూర్తిగా చాపే శక్తి తిరిగి రావడం కష్టం. భుజం ఊడినప్పుడు కుర్రవాళ్ళకి మూడు వారాల దాకా ఉంచడం పాత అలవాటు. ఎక్కువ కాలం కట్టి ఉంచినంత మాత్రాన మళ్ళీ ఊడడం తగ్గుతుందనేదానికి ఆధారం బలంగా లేదు. 40 దాటినవాళ్ళకి అంతకంటే ముందే తియ్యాలి, వాళ్ళకి మళ్ళీ ఊడే భయం కంటే బిగుసుకుపోయే భయమే ఎక్కువ.

దండచేతి ఎముక తల దగ్గర ఒకదానిలో ఒకటి గుచ్చుకున్నట్టు విరిగి, ముక్కలు కదలకుండా ఉంటే, ఒకటి రెండు వారాలకే లోలకం వ్యాయామం మొదలుపెట్టొచ్చు. మంచి చేతిని బల్ల మీద ఆనించి, నడుము దగ్గర వంగి, దెబ్బ చేతిని వదిలెయ్యాలి. ఊపేది ఒంటితో, భుజం కండరంతో కాదు. చిన్న చిన్న సున్నాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. చేతిని కండరంతో ఊపుతుంటే అది లోలకం కాదు, ఆపించి మళ్ళీ నేర్పాలి. ఆ ఎముక నడిమిన విరిగితే సంగతి వేరు. అక్కడ వాపు తగ్గాక ఒకటి రెండు వారాలకి కాలర్ అండ్ కఫ్ మాత్రమే కాక బిగించుకునే ప్లాస్టిక్ బ్రేస్ వస్తుంది, 1977లో సార్మియెంటో అనే ఎముకల సర్జన్ ప్రచురించిన పద్ధతి. బ్రేస్ వచ్చాక మోచెయ్యి చాపడం మడవడం మొదలవుతుంది. చేతిని పక్కకి ఎత్తడం మాత్రం అప్పుడే వద్దు, విరిగిన చోట ఎముక వంకర పోతుంది.

మణికట్టు విరిగి ప్లాస్టర్ వేసినవాళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వాళ్ళకి స్లింగ్ మొదటి కొద్ది రోజుల వాపు కోసమే. వాళ్ళ భుజానికి ఏ దెబ్బా లేదు. ఆరు వారాలూ స్లింగ్‌లోనే ఉంచుకుంటే ప్లాస్టర్ తీసే రోజుకి మణికట్టుతో పాటు బిగుసుకుపోయిన భుజం కూడా చికిత్సకు వస్తుంది. మూడో రోజు నుంచే స్లింగ్ తీసి రోజుకు నాలుగుసార్లు చేతిని తల మీదికి ఎత్తమనండి. స్లింగ్ ఇచ్చే రోజే ఎప్పుడు తియ్యాలో కాగితం మీద రాసివ్వండి. నోటితో చెప్పింది నొప్పిలో వినపడదు.

ఫిజియో_మూడో_ఏడు

చివరిది. మోచెయ్యి చాపమని చెప్పినప్పుడు స్లింగ్ తీస్తే కాలర్ బోన్ కదులుతుందని భయపడేవాళ్ళకి ఏం చెప్పాలి?

భుజం_మోచెయ్యి_ఫిజియో

కూర్చోబెట్టి, దండచెయ్యి ఒంటికి ఆనించి ఉంచి, ముంజేతి బరువును మంచి చేత్తో వాళ్ళనే పట్టుకోమనండి. అలా పట్టుకుని మోచెయ్యి చాపి మడిస్తే భుజం మీద లాగుడు పడదు. వాళ్ళ చేతిలోనే పట్టు ఉంటుంది కాబట్టి భయం కూడా మొదటి రెండుసార్లలోనే పోతుంది. పదిసార్లు చేసి, స్లింగ్ మళ్ళీ వేసేటప్పుడు మోచెయ్యి వెనక మూలకు ఆనిందో లేదో చూడండి.